పడుగు పరిచిన చింతతోపు

అడవిని నేను మొదటిసారి చూసింది ఎద్దుల బండి మీద. మా నాన్న ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో బాయిలరుకు కట్టెలు వేసే పని చేసేవాడు. మిల్లు వెనక సందులో మా ఇల్లు. కట్టెల బండ్లన్నీ మా గడప ముందు నుంచే లోపలికి పోయేవి. తుమ్మ ఏదో, చండ్ర ఏదో, దిరిశెన ఏదో, మొద్దు నరికిన చోట రంగు చూసి చెప్పేదాన్ని. ఆ చెట్లకు ఆకులు ఎట్లా ఉంటాయో మాత్రం నాకు తెలియదు.

నాకు ఊహ తెలిసేనాటికి ఆ బండ్లు మా అమ్మ వాకిట్లో కళ్లాపి చల్లకముందే వచ్చేవి. నేను మూడో తరగతి చదివేటప్పుడు బడి గంట కొట్టే వేళకు వచ్చేవి. ఐదో తరగతికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. బడి మాన్పించిన ఏడాది దీపాలు పెట్టే వేళకు గాని రాలేదు. తోలుకొచ్చినవాళ్లు ఆ రాత్రికి బండి కిందనే పడుకుని మర్నాడు తిరిగి పోయేవాళ్లు. ఎద్దులు అవే, బండ్లు అవే, దారి మాత్రం ఏడాదికేడాది పొడుగవుతోంది. ఎందుకని నాన్నను అడిగితే, దగ్గరి గుట్ట అయిపోయిందన్నాడు, గాదెలో జొన్నలు అయిపోయినాయన్నంత మామూలుగా. ఇప్పుడు కోసిగి అవతల నుంచి తెస్తున్నారట. అది కూడా అయిపోతే ఎట్లా అన్నాను. అప్పటికి నీకు పెండ్లయిపోతాదిలే అన్నాడు.

ఆదోని గుట్టలు చూసినవాళ్లకు తెలుసు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండరాళ్లు. వాన పడితే ఆ రాళ్ల మీద నిలవదు. ఎర్రటి నీళ్లు మా సందులోకి ఉరికి, మోకాటి లోతున పారి, అన్నం ఉడికేంతలో పోయేవి. వీధిలో అంత నీళ్లు పారిన ఊళ్లో శివరాత్రి దాటితే చేదబావి అడుగు కనబడేది. ఒకప్పుడు ఆ రాళ్ల సందుల్లో కంపా చెట్టూ ఉండేవని, వాన మెల్లగా దిగేదని మా అవ్వ చెప్పేది. అడవి వానను తెస్తుందా లేదా అన్నది నేను లెక్కకట్టి చెప్పలేను. వచ్చిన వానను అడవి లేని గుట్ట ఏం చేస్తుందో మాత్రం పదహారేండ్లు చూశాను.

నాన్న అన్నట్టే పెండ్లయింది, 1953 మే నెలలో. అత్తగారిది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. అప్పటికి మా రెండు ఊళ్లూ బళ్లారి జిల్లాలో ఉండేవి. అదే ఏడు అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు జిల్లాలో కలిశాయి. కాపురం పెట్టిన అయిదు నెలలకే, గడప దాటకుండా జిల్లా మారిన కోడల్ని నేను.

ఇంట్లో ఉండేది ముగ్గురమే: మా అత్త, ఆమె ఒక్కగానొక్క కొడుకు, నేను. మామ లేడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేసేది మా ఆయన. ఆ మగ్గానికి పడుగు తయారుచేసేది మా అత్త. పడుగంటే బట్టకు నిలువుగా పోయే దారం. దాన్ని ఊరికే మగ్గానికి ఎక్కించడానికి లేదు. వీధి పొడుగున సాగదీసి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఆరబెట్టాలి. గంజి మెల్లగా ఆరితే పోగు గట్టిపడుతుంది. ఎండకు చురుక్కున ఆరితే పెళుసెక్కి, మగ్గం మీద పుటుక్కున తెగుతుంది. తెగిన ప్రతి పోగునూ ముడివేయాలి. ముడి ఎక్కువైతే నేత నడవదు, బట్ట కొనేవాడు వేలితో తడిమి పక్కన పెడతాడు.

అందుకని ఎమ్మిగనూరులో మా వీధివాళ్లకు ఊరి బయట చింతతోపే సగం ఇల్లు. నలభై రెండు చెట్లు, ఆరు వరసలు, వరసకు ఏడు. నాటినవాడెవడో గాని పడుగు కొలత తెలిసి నాటినట్టుంది. ఒక్కొక్క వరస ఒక్కో ఇంటిది. తోపు మాది కాదు. ఆదోనిలో గింజల వ్యాపారం చేసే ఒక షావుకారుది. చింతపండు ఆయనది, నీడ మాది అని పెద్దల కాలం నుంచి నడుస్తోంది. రాతకోతలేమీ లేవు.

నేను వచ్చిన మూడోనాడు, వెలుగు రాకముందే మా అత్త నన్ను తోపుకు తీసుకుపోయింది. లోపల అడుగు పెట్టగానే ఒళ్లు చల్లబడింది. మే నెలలో చల్లదనం అంటే నాకు కుండ నీళ్లే తెలుసు. ఇక్కడ గాలే చల్లగా ఉంది, కొంచెం తడిగా కూడా ఉంది. బయట చేన్లలో లేచిన దుమ్ము చెట్ల దగ్గరే ఆగిపోయింది. పడుగు కట్టి, చెరొక వైపు నిలబడి, కుంచెలతో ఆ చివర నుంచి ఈ చివరకు దువ్వుకుంటూ నడిచాం. పని ముగిశాక మా అత్త చివరి చెట్టు దగ్గర ఆగి, కుంచెకు అంటిన గంజినీ, దూది నూగునూ బోదెకు తుడవమంది. మిగిలిన గంజి మొదట్లో పోయమంది. దాన్ని 'చెట్టు బువ్వ' అనేవాళ్లు. మనకు అన్నం పెట్టే చెట్టుకు మనం బువ్వ పెట్టకుండా ఇంటికి పోకూడదు. కొత్త కోడలు ఎవరొచ్చినా ఏడు చెట్లకూ తన చేత్తో పెట్టాలి. ప్రతి బోదె మీదా మనిషి చేయి అందేంత ఎత్తున బూడిదరంగు పెచ్చు కట్టి ఉండేది. మా అత్త కాపురానికి వచ్చినప్పటి గంజి ఆ పెచ్చు అడుగున ఎక్కడో ఉండి ఉంటుంది. ఏడు చెట్లకూ తుడిచాను. భక్తిగానే తుడిచాను.

లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆరిన పడుగు మీద ముడులు లెక్కపెట్టేదాన్ని. పడుగుకు పది, పన్నెండు ఉండేవి. మా అత్త నవ్వేది. నాకు లెక్కల కోడలని పేరు పెట్టి, వీధిలో అందరికీ అదే చెప్పింది. దారంగడికి పోయినప్పుడు మాత్రం నన్నే ముందుకు తోసేది.

ఆ మరుసటి ఏడాది నుంచే తోపులో తేడా కనిపించింది. కొమ్మలు చివర్ల నుంచి ఎండుతున్నాయి. చింతకాయ కాపు పలచబడింది. ఎండిన కొమ్మ ఒకటి పక్క వరసవాళ్ల పడుగు మీద విరిగిపడి దారమంతా చిక్కయింది. బోదెల మీద చెదమట్టి పాకుతోంది. వానలు సరిగ్గా లేవు గనక అన్నారు కొందరు. దిష్టి అన్నారు కొందరు. మా అత్త చెట్లకు పోసే గంజి పెంచింది. చెట్టు నీరసించింది, బువ్వ ఎక్కువ పెట్టాలంది.

1955 చింతపండు దులిపే కాలంలో షావుకారు స్వయంగా బస్సు దిగి వచ్చాడు. వెంట కట్టెల గుత్తేదారు ఒకడు ఉన్నాడు. ఇద్దరూ తోపంతా తిరిగారు. గుత్తేదారు చేతిలో జాజు ముద్ద ఉంది. కొన్ని చెట్లకు ఎర్ర గుర్తు పెట్టాడు. కాపు పోయింది గనక తోపు మొత్తం కట్టెలకు అమ్ముతున్నానని షావుకారు మా వీధివాళ్లకు చెప్పాడు. ఆయన గొంతులో కోపమేమీ లేదు. ముందు పూర్తిగా ఎండినవి కొడతారు, తక్కినవి ఉగాది దాటాక. కట్టెలు పోయేది ఆదోని మిల్లుకట. ఏ మిల్లని నేను అడగలేదు. అడగకుండానే నాకు మా నాన్న చేయి కనిపించింది, బాయిలరు తలుపు తీసి మొద్దు లోపలికి తోస్తున్న చేయి.

రెండు రోజుల్లో ఆరు చెట్లు కొట్టారు. మా వరస నడుమ మూడు, పక్క వరసలో మూడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆయన, తోపు పోతే ఇక్కడ చేసేదేమీ లేదు, ఆదోని పోదాం, మీ నాన్నను అడిగితే మిల్లులో కూలి దొరుకుతుంది అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మాకు ముందే ఒక ఇల్లు అట్లా పోయింది. పడమటి చివరి వరసవాళ్లు మూడేండ్ల కింద మగ్గం విప్పి అటక మీద పెట్టి, ఆదోని చేరారు. మా అత్త తల ఎత్తకుండా తింటూ, తాను చెప్పులు తొడిగి ఊరు దాటింది పెండ్లిలో ఒక్కసారే, ఇప్పుడు రెండోసారి పోయేది లేదు, మీరు పోండి అంది. ముద్ద మింగాక ఇంకో మాట అంది.

"మగ్గం ఇంట్లో ఉండాదని నువ్వనుకుంటాండావు. సగం మగ్గం ఆ తోపులో ఉండాది రా."

ఆ తర్వాతి పడుగుకే ఆ మాట నిజమైంది. మా వరస నడుమ మూడు చెట్లంత మేర ఎండ పడింది. మొదట నీడ, మధ్యలో ఎండ, మళ్లీ నీడ. ముడులు లెక్కపెట్టాను. నలభై దాటాయి. నీడ ఉన్న రెండు వైపులా కలిపి ఎప్పటిలాగే పది లోపు. మిగిలినవన్నీ ఆ నడుమ మేరలోనే. నేను చెబితే మా అత్త నమ్మలేదు. కళ్లు మూసుకుని, పడుగు మీద అరచేయి ఆనించి, ఈ చివర నుంచి నడిచింది. చేయి గరుకు తగిలిన చోట ఆగింది. కళ్లు తెరిచి చూస్తే ఎదురుగా నరికిన మొద్దు ఉంది.

"ఈడ సెట్టు లేదు," అంది. ఇంకొంచెం నడిచి మళ్లీ ఆగింది. "ఈడా లేదు."

నేను అడవి గురించి చాలామంది మాట్లాడగా విన్నాను, పెద్దయ్యాక చదివాను కూడా. చెట్లు గాలిని చల్లబరుస్తాయని, తడిని పట్టి ఉంచుతాయని, దుమ్మును ఆపుతాయని అంటారు. అవన్నీ నేను మా అత్త అరచేతి కింద తెలుసుకున్నాను. ఒక చెట్టు ఎంత పని చేస్తుందో అది నిలబడి ఉన్నన్నాళ్లూ కనపడదు. పోయిన చోట ముడులై తేలుతుంది.

కొట్టిన మొద్దులు బండ్ల కోసం అక్కడే పడి ఉన్నాయి. గొడ్డలి పనివాళ్లు ఒక మొద్దును దొర్లించి నవ్వుకుంటున్నారు. లోపలంతా బోలు, చెదమట్టి. బాయిలరుకు కట్టె పోతాందా మన్ను పోతాందా అని ఒకడన్నాడు. రేటు తగ్గించాల్సిందేనని గుత్తేదారు గొణుగుతున్నాడు. నేను ఆ మొద్దు దగ్గర కూర్చుని చూశాను. చెదమట్టి వేళ్ల దగ్గర సన్నగా మొదలై, బోదె మీద మా గంజి పెచ్చు ఉన్న చోట వెడల్పై, పెచ్చు కింద నుంచే లోపలికి పోయింది. పెచ్చును చేత్తో లాగితే పొర పొరగా ఊడివచ్చింది. గంజి, దూది, గంజి, దూది. పొర పొరకూ మధ్య తెల్లటి చెదపురుగులు.

ఇక ఉండబట్టలేక తోపంతా తిరిగాను. పడమటి వరస చెట్లు, మగ్గం విప్పి ఆదోని పోయినవాళ్ల చెట్లు, ఏడుకు ఏడూ పచ్చగా ఉన్నాయి. మూడేండ్లుగా వాటికి బువ్వ పెట్టినవాళ్లు లేరు. పెచ్చు వానలకు కరిగి బోదెలు శుభ్రంగా ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ ఎండినవి మావే. వీధి మొత్తంలో ఎక్కువ పడుగులు చేసేది మా అత్తే మరి.

ఆమెకు ఎట్లా చెప్పాలో నాకు తోచలేదు. చివరికి ఏమీ చెప్పకుండా ఆమె చేయి పట్టుకుని పడమటి వరసకు తీసుకుపోయి చూపించాను. తర్వాత మొద్దు దగ్గరకు తీసుకొచ్చి పెచ్చు ఒలిచి చూపించాను. ఆమె ఒక పొరను అరచేతిలోకి తీసుకుంది.

"బువ్వ పెట్టిన సెయ్యే తినిందా?" అంది.

ఆ రోజంతా, మర్నాడూ నాతో మాట లేదు. వంటింట్లో నేను ముట్టిన చెంబును కడిగి మళ్లీ పెట్టింది. చెట్టుకు అన్నం పెట్టడం పాపమని చెప్పిన కోడలు ఏ ఇంట్లోనైనా ఉందా అని గోడకు చెప్పినట్టు చెప్పింది. గోడ అవతల పక్కింటామె లేదు లేదంది. మూడోనాడు తెల్లవారక ముందే లేచి చూస్తే పక్క మీద లేదు. కొడవలి కూడా లేదు. తోపుకు పరుగెత్తాను. ఆమె మా వరసలో మిగిలిన మొదటి చెట్టు దగ్గర నిలబడి పెచ్చు గీకుతోంది. ముప్పై ఏండ్ల బువ్వ ముక్కలు ముక్కలుగా కింద పడుతోంది. నన్ను చూసి కొడవలి ఆపలేదు.

"నిలబడి సూస్తాండావేమ్మే, లెక్కపెట్టేకి వచ్చినావా? ఆ పక్క గీకు."

ఉగాది దాటింది. షావుకారు గుత్తేదారుతో మళ్లీ వచ్చాడు. ఈసారి మా వీధి మొత్తం తోపులో ఉంది. మగవాళ్లు దణ్ణాలు పెట్టి బతిమాలారు. షావుకారు అందరి మాటా విన్నాడు. కాయ కాయని చెట్టుకు శిస్తు కట్టేది తానే కదా అన్నాడు. నీడకు తనకేమైనా వస్తుందా అని అడిగాడు. అప్పుడు మా అత్త కొంగు నడుముకు దోపి ముందుకు వచ్చింది.

"అప్పా, నీ సెట్లను సంపింది నువ్వు గాదు, గుత్తోడు గాదు, వానా గాదు. మేమే. ప్రేమ ఎక్కువై సంపినాము."

షావుకారు నవ్వాడు. చంపినవాళ్లే వచ్చి చెట్టు ఇమ్మంటే ఎట్లా అన్నాడు. మా అత్త నవ్వలేదు. ఆయనను చెట్టు చెట్టుకూ తిప్పింది. మా మొద్దు చూపింది, పడమటి వరస చూపింది. కొత్తగా గీకిన బోదె మీద వేలు పెట్టి చూడమంది. చివరికి నా వైపు చూసింది. నేను ముందే లెక్కవేసి ఉంచుకున్నది చెప్పాను. పడమటి ఏడు చెట్లు ఆ ఏడు కాచిన కాయ, తక్కిన ముప్పై ఐదు చెట్లు కాచినదానిలో సగం ఉంది. ఆ సంగతి షావుకారుకు కూడా తెలుసు, చింతపండు తూకం వేయించుకున్నది ఆయనే. ఎందుకో మాత్రం అంతవరకు ఆయనకు తట్టలేదు.

రెండు కాపులు ఆగమని మా అత్త అడిగింది. బోదెలు మేము శుభ్రం చేస్తాం. కాపు దులిపే రోజుల్లో కూలి లేకుండా వీధి ఆడవాళ్లందరూ వస్తారు. కొట్టిన ఒక్కో చెట్టుకు రెండు మొక్కలు నాటి పెంచుతాం. రెండో కాపుకు కూడా కాయ పెరగకపోతే మేమే గొడ్డలి తెచ్చిస్తాం.

"నాటిన మొక్క నీడ నువ్వు సూస్తావా, అవ్వా?" అన్నాడు షావుకారు.

"ఈ సెట్లు నాటినోడు నన్ను సూసినాడా?" అంది.

షావుకారు గుత్తేదారును పక్కకు పిలిచి మాట్లాడాడు. బోలు మొద్దుకు గుత్తేదారు రేటు బాగా తగ్గించాడని, అందుకే షావుకారు మనసు మారిందని తర్వాత తెలిసింది. జాలి వల్లనే చెట్లు బతికాయని రాస్తే అది అబద్ధం అవుతుంది. చెద తిన్న కట్టెకు ధర లేకపోవడం, మా అత్త మాట, రెండూ కలిసి ఆ రోజు తోపును నిలబెట్టాయి. రెండు కాపులు అని షావుకారు రెండు వేళ్లు చూపి బస్సెక్కాడు.

ఆ ఎండాకాలం మా వీధిలో మగ్గాలు సగం పూటే ఆడాయి. తక్కిన సగం తోపులో. పెచ్చులన్నీ గీకాం. బోదెలకు సున్నం పూశాం. చెదమట్టి తవ్వి, వేళ్ల దగ్గర కానుగ పిండి చల్లాం. ఇక కుంచె ఎక్కడ తుడవాలన్నది పెద్ద తగాదా అయింది. కుంచెను కడిగితే చాలని నేనన్నాను. బువ్వ పెట్టకుండా ఇంటికి పోవడం మా అత్తకు, ఆమె ఈడు వాళ్లకు మనసొప్పలేదు. చివరకు ప్రతి వరస చివరా, చెట్లకు దూరంగా, ఒక బండ నాటించారు. కుంచె దానికి తుడవాలి, మిగిలిన గంజి దాని మొదట్లో పోయాలి. చెట్టు బువ్వ కాస్తా బండ బువ్వ అయింది. చీమలు వచ్చాయి, పిచ్చుకలు వచ్చి ఎండిన గంజి పొడిచి తిన్నాయి. ఏదో ఒకనాడు బండ కూడా చిగురిస్తుందిలే అని మగవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. చిగురిస్తే మీ పడుగు దాని కింద వేయనియ్యం పొండి అని ఆడవాళ్లు అనేవాళ్లు.

పన్నెండు మొక్కలు నాటాం, ఆరు చింత, ఆరు కానుగ. చింత నీడకు ఇరవై ఏండ్లు పడుతుంది, అంతవరకు ఊరుకోవడానికి లేదు. కానుగ తొందరగా పెరుగుతుందని, ముందు అది నీడ ఇస్తే తర్వాత చింత అందుకుంటుందని మా నాన్న చెప్పాడు. చెట్టును కాల్చడం తప్ప పెంచడం ఆయనకు తెలియదనుకున్నాను. ఆ కానుగ మొక్కలను కోసిగి వైపు బండి తోలేవాళ్ల చేత తెప్పించి, తడి గోనెలో చుట్టి, ఆదోని నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది ఆయనే. తోపులో ఒక చెట్టుకు ఆనుకుని కూర్చుని, తలెత్తి కొమ్మల్లోకి చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేండ్లు చెట్టును అడ్డంగానే చూసినానమ్మా, నిలువుగా కూర్చుని చూసేకి తీరలేదు అన్నాడు. మా అత్త ఆయనకు మజ్జిగ ఇచ్చి, ఇంకోసారి వచ్చేటప్పుడు ఇంకా రెండు తెండి అన్నా అంది. తెచ్చాడు.

మొక్కలకు మేకల భయం, నీళ్ల కరువు. చుట్టూ కంప నాటాం. దారం తడిపిన నీళ్లు పారబోయకుండా వాటికి మోసేవాళ్లం. మొదటి ఎండాకాలానికి పన్నెండులో తొమ్మిది బతికాయి. చచ్చినవాటి బదులు నాన్న రెండోసారి తెచ్చినవి పెట్టాం. అవి రెండే, కనుక మొత్తం పదకొండు. ఒకటి తక్కువైంది. ఆ ఒకటి నాకు ఇప్పటికీ లెక్కలో తగులుతూ ఉంటుంది.

మొదటి కాపు, అంటే 1956లో, పెద్దగా పెరగలేదు. పాత చెట్లు రెండు ఎండిపోయాయి కూడా. ఆ ఏడంతా మా ఆయన ఆదోని మాట ఎత్తలేదు గాని, మగ్గం విప్పితే ఎక్కడ కట్టి పెట్టాలా అని అటక వైపు చూడటం నేను చూశాను. మా అత్త మాత్రం రోజూ తోపుకు పోయి బోదెలు తడిమి వచ్చేది. రెండో ఏడు వానలు కొంచెం నయం. గీకిన చోట కొత్త పట్ట కట్టింది. చిగుర్లు కొమ్మల చివరి దాకా వచ్చాయి. కాయ దులిపిన రోజు వీధి ఆడవాళ్లం అందరం వెళ్లాం. తూకం దగ్గర షావుకారు మనిషి నిలబడ్డాడు, ఇవతల నేను నిలబడ్డాను. మధ్యాహ్నానికే కిందటేటి తూకం దాటింది. పొద్దు గూకేవేళకు దానికి ఒకటిన్నర రెట్లయింది. షావుకారు మనిషి నా మొహం చూసి, లెక్క సరిపోయిందా అమ్మా అన్నాడు. సరిపోయిందన్నాను. ఇక గుత్తేదారు ఆ వైపు రాలేదు. వచ్చే ఏడు కాపును షావుకారు గుత్తకు ఇచ్చాడని విన్నాం. కాపును గుత్తకిచ్చినవాడు చెట్టు నరకడు.

తర్వాత మిల్లుకు కరెంటు వచ్చింది. బాయిలరు చల్లబడింది. నాన్నను బేళ్లు కట్టేచోట వేశారు. మా గడప ముందు కట్టెల బండ్లు ఆగిపోయాయని అమ్మ చెప్పింది. నరికిన గుట్టలు తిరిగి రావడానికి ఎంత కాలం పడుతుందో నాకు తెలియదు. ఆదోని పోయినప్పుడల్లా మాత్రం రాళ్ల సందుల్లో ఎక్కడైనా పచ్చన కనిపిస్తుందేమోనని బస్సులోంచి చూసేదాన్ని. ఒక వానాకాలం తర్వాత కనిపించింది, సీతాఫలం కంప, తంగేడు. ఎవరూ నాటలేదు. నరకడం ఆపారు, అంతే.

పెద్ద అడవులూ, భూమి వేడీ గురించి చదివేటప్పుడు ఆ తంగేడే గుర్తొస్తుంది నాకు. అడవి మనల్ని అడిగేది ఎక్కువ కాదు. కొంత మన చేయి తీసేయడం, కొంత మన చేయి పెట్టడం. ఎప్పుడు తీయాలో ఎప్పుడు పెట్టాలో తెలుసుకోవడానికే మాకు ముప్పై ఏండ్లు, ఆరు చెట్లు ఖర్చయ్యాయి. తర్వాత ఎండిన రెండూ కలిపితే ఎనిమిది.

1959 ఎండాకాలానికి మా అత్తకు చూపు మసకబారింది. కుంచె పట్టడం మానేసి, నా వెనకే తోపుకు వచ్చి పడుగు తడిమి చూసేది. నడుమ మేరలో అప్పటికి కానుగలు మనిషిని మించి ఎదిగాయి. వాటి పక్కన చింత మొక్కలు నడుము ఎత్తు. ఆ రోజు పని అయ్యాక నేను ముడులు లెక్కపెట్టబోతుంటే ఆగమంది. అరచేయి పడుగు మీద ఆనించి, ఈ చివర నుంచి నడవడం మొదలుపెట్టింది. కొట్టిన మొదటి చెట్టు దగ్గరకు వచ్చింది. ఆగలేదు. నాలుగడుగులు పోయాక ఆగి, వెనక్కి వచ్చి, వేళ్లతో అక్కడే మళ్లీ తడిమింది. గరుకు ఉంది, కానీ మునుపటంత లేదు. తల కొంచెం పైకెత్తింది, మొహం మీద ఎండ ఎంత పడుతోందో చూసుకుంటున్నట్టు.

"ఈడ సగం సెట్టు ఉండాది," అంది. "ఇంగ లెక్కపెట్టుకో పో."